ఒకే టవరు, మూడు నేలలు

కొత్తగా సెల్ టవరు వస్తోందంటే వీధిలో మొదట లేచే మాట రేడియేషన్. అర్జీలూ ధర్నాలూ దాని మీదే నడుస్తాయి. పునాది గొయ్యి ఎంత లోతు తీశారు, అందులో ఊరిన నీళ్లను ఏం చేశారు, కాంక్రీటు కలపడానికి నీళ్లు ఎక్కణ్ణించి తెచ్చారు అని అడిగేవాళ్లు కనబడరు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో టవరు వల్ల మనిషికి హాని జరిగే దారులన్నీ వరసగా రాసుకుంటే, యాంటెనా నుంచి వెలువడే తరంగాలు బాగా కిందికి పోతాయి. పైవరసలో ఉండేవి గాలి, ఉప్పు, నేలలో నీటిమట్టం, పిడుగు, పైకెక్కే మనిషి తగిలించుకోని కొక్కెం.

చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, ఈ టవర్ల డ్రాయింగులు చాలావరకు ఒకే మూసలో వస్తాయి. 40 మీటర్ల నాలుగు కాళ్ల టవరు ముత్తుకూరులో నిలబెట్టినా పొదిలిలో నిలబెట్టినా పైన కనబడే ఇనుము ఒకటే. కింద నేల ఒకటి కాదు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు ఇసుక, చౌడు, రొయ్యల గుంటలు. టంగుటూరు, ఒంగోలు చుట్టూ పొగాకు పండే నల్లరేగడి. చీమకుర్తి, పొదిలి వైపు పోతే గరుసు, దాని కింద రాయి. డ్రాయింగు మూలన 'సాధారణ నేల' అని ఒక్క ముక్క రాసి మూడుచోట్లా ఒకే గొయ్యి తీస్తే, కనీసం రెండుచోట్ల తప్పు చేసినట్టే.

గాలి ఎంత తోస్తుంది

కట్టడాల మీద పడే బరువుల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875. దాని మూడో భాగం గాలి వేగాన్ని బట్టి దేశాన్ని ఆరు మండలాలు చేసింది: సెకనుకు 33, 39, 44, 47, 50, 55 మీటర్లు. నెల్లూరుకు ఇచ్చింది 50. గంటకు 180 కిలోమీటర్లన్నమాట. గాలి ఒత్తిడి కావాలంటే వేగాన్ని వేగంతో గుణించి, మళ్లీ 0.6తో గుణించాలి. 50 మీటర్ల వేగానికి చదరపు మీటరుకు 1500 న్యూటన్లు వస్తుంది. వాడుకలో చెప్పాలంటే 150 కిలోలు. 2015లో సవరించిన ప్రతిలో ఇంకో గుణకం చేరింది. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపల, తుపాను వెళ్లిపోయాక కూడా పనిచెయ్యాల్సిన కట్టడాలకు, అంటే ఆస్పత్రి, తుపాను షెల్టరు, కమ్యూనికేషన్ టవరు లాంటివాటికి, వేగాన్ని 1.3తో పెంచాలి. 50 కాస్తా 65 అవుతుంది. ఒత్తిడి అంతకంటే జోరుగా, 1.69 రెట్లు పెరిగి చదరపు మీటరుకు 250 కిలోలు దాటుతుంది. ఒంగోలు, కావలి, నెల్లూరు మూడూ ఈ పట్టీలోవే. ఉదయగిరి దానికి అవతల. కాబట్టి కావలి సైటుకు ఉదయగిరి సైటు లెక్కకాగితం జత చేసి పంపితే ఒప్పుకోకూడదు.

ఈ అంకెలు భయపెట్టడానికి వేసినవి కావు. 1984 నవంబరు తుపాను శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరు తుపాను కావలి దగ్గర తీరం దాటాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర దాటినప్పుడు ఈ రెండు జిల్లాలూ తడిసి ముద్దయ్యాయి. టవరు ఆయుష్షులో ఇలాంటి రోజు ఒకటైనా వస్తుందని అనుకునే లెక్క కట్టాలి.

సైటు చుట్టూ సరుగుడు తోటలు ఉన్నాయి కదా, గాలి ఆగుతుంది అనే మాట తీరం వెంబడి తరచూ వినబడుతుంది. సరుగుడును మూడు నాలుగేళ్లకు కొట్టి అమ్ముకుంటారు. తోట నరికిన ఏడాదే తుపాను వస్తే టవరు బట్టబయలులో ఉన్నట్టే. చెట్ల చాటును లెక్కలో కలుపుకోకూడదు. పైగా కంచెకు ఆనుకుని ఉన్న చెట్లు విరిగి కేబుళ్ల మీద పడేవే.

టవరు కట్టిననాడు సరిగ్గానే ఉండి, తరవాత ప్రమాదంలో పడే దారి ఒకటుంది: అదనపు యాంటెనాలు. మొదట ఒక కంపెనీవి మూడు యాంటెనాలతో మొదలవుతుంది. తరవాత ఇంకో కంపెనీ అద్దెకు దిగుతుంది, 4జీ పెట్టె వస్తుంది, దాని పక్కన 5జీది వస్తుంది. బరువు చూస్తే ఒక్కోటి 30, 40 కిలోలు. ఇంత టవరుకు అదో లెక్కా అనిపిస్తుంది. ప్రశ్న బరువుది కాదు, గాలికి అడ్డం పడే వైశాల్యానిది. 2 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న యాంటెనాకు 0.8 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి, వస్తువు ఆకారాన్ని బట్టి వేసే గుణకం 1.2 వేసుకుంటే దాన్ని గాలి సుమారు 145 కిలోలతో తోస్తుంది. 38 మీటర్ల ఎత్తులో అది పునాది దగ్గర 5.5 టన్ను మీటర్ల తిప్పుడు (బలాన్ని ఎత్తుతో గుణిస్తే వచ్చే అంకె). అలాంటివి తొమ్మిది తగిలిస్తే 50 టన్ను మీటర్లు. 1.3 గుణకం కలిపితే 84. ఇది టవరు ఇనుము మీద పడే గాలికి అదనం. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఇంకా పెరుగుతుందనే సవరణ ఇందులో వెయ్యనేలేదు. అందుకే యాంటెనా ఒక్కటి చేరినా మొత్తం టవరుకు లెక్క మళ్లీ వేయించాలి. పాత సర్టిఫికెట్టు మీద తేదీ మార్చితే చాలదు. డిష్ యాంటెనాలు, ఊళ్లో ఎవరో కట్టిపోయిన ఫ్లెక్సీలు కూడా ఈ లెక్కలోవే. టవరు మీద ఫ్లెక్సీ అంటే తెరచాప ఎత్తినట్టు.

కాలు పైకి లేవడం

టవరు పడిపోయిందంటే మధ్యలో విరిగిందనుకుంటారు. అలా విరిగేవీ ఉన్నాయి. పునాదితో సహా పెల్లగిలి పడేవీ ఉన్నాయి. గాలి ఒకవైపు నుంచి తోస్తే అవతలి కాలు నేలలోకి దిగాలని చూస్తుంది, ఇవతలి కాలు పైకి లేవాలని చూస్తుంది. దిగే కాలును నేల ఎలాగో మోస్తుంది. లేచే కాలును పట్టుకునేది కాంక్రీటు బరువు, దాని మీద పూడ్చిన మట్టి బరువు, అంతే.

ఉదాహరణకు మొత్తం గాలి తోపుడు 6 టన్నులు, అది పనిచేసే సగటు ఎత్తు 25 మీటర్లు అనుకుందాం. తిప్పుడు 150 టన్ను మీటర్లు. కాళ్ల మధ్య దూరం 4.5 మీటర్లు ఉంటే, గాలి మూల నుంచి మూలకు వీచినప్పుడు ఒక్క కాలి మీద పైకి లాగే బలం 23 టన్నులు దాటుతుంది. టవరు సొంత బరువులో ఆ కాలి వాటా టన్నున్నర పోతే మిగిలేది 22. కేవలం కాంక్రీటు బరువుతోనే ఆపాలంటే, ఘనపు మీటరుకు 2.4 టన్నుల చొప్పున 9 ఘనపు మీటర్లకు పైగా పడుతుంది. ఇది ఎండిన నేలలో.

ఇప్పుడు అదే పునాదిని ముత్తుకూరులో రొయ్యల గుంట గట్టు పక్కన వెయ్యండి. మీటరు లోతులోనే నీళ్లు. నీళ్లలో మునిగిన కాంక్రీటు ఘనపు మీటరుకు 1.4 టన్నులే తూగుతుంది. పైన పూడ్చిన మట్టి బరువు దాదాపు సగానికి పడిపోతుంది. అదే 22 టన్నులకు ఇప్పుడు 15 ఘనపు మీటర్లు దాటి కావాలి. భద్రతా గుణకం దీని మీద. డ్రాయింగులో నీటిమట్టం గడిలో 'లేదు' అని రాసిన మనిషి ఈ ఆరేడు ఘనపు మీటర్లను ఒక్క గీతతో మాయం చేసినట్టు. మట్టి పరీక్షకు బోరు వేసేది మే నెలలో అయితే నీళ్లు లోతుగా కనబడతాయి. తుపాను వచ్చేది అక్టోబరు, నవంబరు, డిసెంబరులో, నేల పొంగి ఉన్నప్పుడు. లెక్కకు తీసుకోవలసింది ఆ మట్టం. పక్క పొలంవాళ్లను అడిగితే వానాకాలంలో బావిలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చేత్తో కొలిచి చూపిస్తారు. ఆ మాటను కూడా రిపోర్టులో రాయాలి.

ఇసుక నేలలో గొయ్యి తవ్వుతుంటే పక్కలు కూలుతుంటాయి. ఒకటిన్నర మీటరు దాటిన గోతిలోకి పలకలూ గుంజలూ ఆపు పెట్టకుండా మనిషిని దించకూడదు. నీళ్లు తోడేటప్పుడు మోటారు పైపును గోతి నడుమ పడేస్తే నీళ్లతోపాటు అడుగున ఇసుకా వచ్చేస్తుంది, అడుగు వదులైపోతుంది. ఒక మూల చిన్న గుంట తీసి, కంకర పోసి, అందులోంచి తోడాలి. నీళ్లు నిలిచిన గోతిలో కాంక్రీటు కుమ్మరిస్తే సిమెంటు పాలు పైకి తేలిపోయి కింద కంకర మిగులుతుంది. ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువగా పడే ఈ తీరంలో, పునాది పనికి జనవరి నుంచి జూన్ దాకా ఉన్న నెలలే మంచివి. అక్టోబరులో గొయ్యి తీసి వానకు వదిలేసి, దీపావళి తరవాత వచ్చి బురద మీదే బెడ్డు వేసిన సైట్లకు ఆ లోపం జీవితాంతం ఉంటుంది.

నల్లరేగడి కథ వేరు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ కదలిక పై మూడు, మూడున్నర మీటర్లలో ఎక్కువ. పునాది అడుగు ఆ పొరలోనే ఆగితే, ఏటా నాలుగు కాళ్లూ ఒకేలా కదలవు. ఒక కాలు పక్కన కాలవ పారుతుంది, ఇంకో కాలు ఎండలో ఉంటుంది. కాళ్లను ఏటవాలుగా కలిపే బ్రేసింగు కడ్డీలు కొన్ని బిగుసుకుపోయి, కొన్ని వదులై గాలికి టకటకలాడతాయి. ఇక్కడ కదిలే పొర దాటి దిగే కాంక్రీటు స్తంభాలు (పైల్స్), వీలైతే అడుగున గిన్నెలా వెడల్పు చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ వెయ్యాలి. గోతిని పూడ్చేటప్పుడు తవ్వి తీసిన రేగడినే తిరిగి నింపకూడదు. గరుసు తెచ్చి, 20, 25 సెంటీమీటర్ల పొరలుగా తడిపి దిమ్మిస కొట్టాలి. లారీ గరుసు డబ్బులు మిగులుతాయని ఎక్కువగా ఎగ్గొట్టే పని ఇదే.

రాతి నేలలో పునాది తేలికే అనుకుంటారు. గట్టి రాయి తగిలితే నిజమే. రాతిలో బెజ్జాలు వేసి, చువ్వలు దించి గ్రౌటు (పల్చటి సిమెంటు ముద్ద) పోస్తే చిన్న పునాదే పెద్ద బలాన్ని పట్టుకుంటుంది. కాకపోతే చాలాచోట్ల తగిలేది పైన ఊగే గుండు. గునపం వేస్తే ఖంగుమంటుంది, కింద మట్టే ఉంటుంది. ప్రతి కాలి దగ్గరా విడిగా బోరు వేసి చూడాల్సింది ఇక్కడే.

కాంక్రీటు, బోల్టులు

కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 తీరప్రాంతపు వాతావరణాన్ని తీవ్రమైనదిగా లెక్కిస్తుంది: తక్కువలో తక్కువ ఎం30 బలపు కాంక్రీటు, ఘనపు మీటరుకు 320 కిలోల సిమెంటు, నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతు మించకూడదు. చౌడు నీళ్లలో పూడిపోయే పునాదికి ఇంకో మెట్టు పైకి, ఎం35, 340 కిలోలు. 50 కిలోల బస్తాకు 0.45 అంటే ఇరవై రెండున్నర లీటర్లు. ఇసుక తడిగా ఉంటే ఆ తడి కూడా ఇందులోదే. మేస్త్రీలు కంటిచూపుతో పోసే నీళ్లు దీనికి ఒకటిన్నర రెట్లు ఉండడం మామూలు. నీళ్లు ఎక్కడివనేది ఇంకా పెద్ద ప్రశ్న. స్టీలు ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. రొయ్యల గుంట పక్క బోరు నీళ్లు దానికి ఎన్నో రెట్లు పోతాయి. తాగలేని నీళ్లు కాంక్రీటుకు పనికిరావని పెట్టుకుంటే సగం తప్పులు ఆగుతాయి. సముద్రపు ఇసుకా అంతే. ట్యాంకరు నీళ్లు తెప్పించడం ఖర్చే, ఆ ఖర్చు అంచనాలో ముందే ఉండాలి. పోసిన కాంక్రీటును తడిపి ఉంచే పదునుకు కూడా అవే నీళ్లు, ఏడు రోజులు తక్కువ కాకుండా. ఎండలు మండే రోజుల్లో, పడమటి గాలి కొట్టేటప్పుడు పది రోజులు. ఫ్లైయాష్ కలిసిన సిమెంటుకు పద్నాలుగు.

పునాది బోల్టుల దగ్గర జరిగే తప్పు చిన్నదిగా కనబడుతుంది. నాలుగు కాళ్ల బోల్టులనూ కొలిచి బెజ్జాలు వేసిన ఇనుప చట్రంతో (టెంప్లేటుతో) పట్టించి, రెండు కర్ణాలూ కొలిచి సరిపోయాయని చూశాకే కాంక్రీటు పొయ్యాలి. వైబ్రేటరు తగిలి టెంప్లేటు జరుగుతుంది కాబట్టి పోసిన అరగంటలో మళ్లీ కొలవాలి. గట్టిపడ్డాక అయిదు మిల్లీమీటర్లు తేడా వస్తే అప్పుడు దిగేది సమ్మెట: బోల్టును కొట్టి వంచుతారు, లేదా బేస్ ప్లేటు బెజ్జాన్ని గ్యాసుతో కోసి వెడల్పు చేస్తారు. వంచిన బోల్టు లాగుడుకు నిలవదు. గ్యాసుతో కోసినచోట జింకు పూత కాలిపోయి మొదటి వానకే తుప్పు మొదలవుతుంది. ప్లేటు కింద ఖాళీని కుంచించుకుపోని గ్రౌటుతో నింపాలి, సిమెంటు మాలుతో కాదు. కాలు కూర్చునే కాంక్రీటు దిమ్మె (పెడెస్టల్) తల మీద నీళ్లు నిలవకుండా అన్నివైపులకూ వాలు పెట్టాలి. కాలు కాంక్రీటులోకి దిగే ఆ నాలుగు వేళ్ల మేరలోనే టవరు ముందు తుప్పు పడుతుంది.

ఉప్పు గాలి

టవరు ఇనుముకు వేడి జింకులో ముంచిన పూత ఉంటుంది. ఐఎస్ 4759 ప్రకారం 5 మిల్లీమీటర్లు, ఆపైన మందం ఉన్న ఇనుముకు చదరపు మీటరుకు 610 గ్రాములు. మందంలో దాదాపు 86 మైక్రాన్లు. మామూలు పట్టణపు గాలిలో జింకు ఏడాదికి ఒకటి రెండు మైక్రాన్లు అరుగుతుంది. ఉప్పు తుంపర తగిలే తీరంలో నాలుగు నుంచి ఎనిమిది దాకా. ఆత్మకూరులో నలభై ఏళ్లు ఆగే పూత, ఇస్కపల్లి ఉప్పు మడుల పక్కన పదీ ఇరవై ఏళ్లలో తేలిపోతుంది. కొత్తపట్నం, పాకల, జువ్వలదిన్నె లాంటి తీరగ్రామాల టవర్లకు జింకు మీద ఎపాక్సీ రంగు కూడా వెయ్యాలి, దాన్ని కాలానికి తిరగ వెయ్యాలి. సైటులో కొత్తగా బెజ్జం వేస్తే అంచుకు జింకు పెయింటు రెండు పూతలు తప్పదు. ముందు పోయేవి కాళ్లు కాదు, బోల్టులు. సన్నవి, మరలో ఉప్పు నిలుస్తుంది. నట్టు దాటి రెండు మూడు మరలు బయటికి కనబడాలి, స్ప్రింగు వాషరు ఉండాలి, నేల నుంచి మొదటి రెండు మూడు ప్యానెళ్లలో (బ్రేసింగు అంతస్తుల్లో) దొంగలు విప్పలేని నట్లు ఉండాలి. బ్రేసింగు కోణాలు విప్పి పాత ఇనుములో అమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఒక్క కోణం పోయినా కాలు బలం బాగా తగ్గిపోతుంది. టవరు నిలబెట్టిన మూడు నెలలకు టార్క్ రెంచితో అన్ని బోల్టులూ ఇంకోసారి చూడాలి.

ఎర్తింగ్

పిడుగు కరెంటును నేలలోకి దింపే ఏర్పాటు ఎర్తింగ్. ఇక్కడ నేలల తేడా అంకెల్లోనే కనబడుతుంది. 3 మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపును నేలలో పాతితే దాని నిరోధం, నేల నిరోధకతలో సుమారు 0.29 వంతు. చౌడు నేల నిరోధకత 10 ఓమ్ మీటర్లు అనుకుంటే ఒక్క పైపుకే 3 ఓమ్‌లు. తడి ఆరిన గరుసులో 100 ఉంటే 29. చీమకుర్తి వైపు రాతిలో 1000 ఉంటే 286. పిడుగుకు 10 ఓమ్‌ల లోపు, టవరు కంపెనీల కాంట్రాక్టుల్లో సాధారణంగా 1, 2 ఓమ్‌లు అడుగుతారు. రాతిలో పైపులు ఎన్ని పాతినా ఆ అంకె రాదు. పది పాతినా 29 దగ్గరే ఆగుతుంది. అక్కడ చెయ్యాల్సింది టవరు చుట్టూ జీఐ పట్టీతో వలయం, దాన్నుంచి మట్టి ఉన్న దిక్కులకు పొడుగ్గా పాతిన పట్టీలు, నీటి పగులు తగిలేదాకా బోరు వేసి దించిన ఎలక్ట్రోడు, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి. పునాది చువ్వలను కూడా ఈ వలయానికి వెల్డు చేసి కలపాలి, అదీ కాంక్రీటు పోసే ముందే.

తీరంలో తంటా ఉల్టా. అంకె సులువుగా వస్తుంది, ఎలక్ట్రోడే ఉండదు. చౌడు నేల జీఐ పైపును కొన్నేళ్లలో తినేస్తుంది. అలాంటి నేలలో కూడా గొయ్యి తీసి బొగ్గు, ఉప్పు పొరలు వేసే అలవాటు ఇంకా పోలేదు. ఉప్పు నేలకు ఉప్పు పోసి పైపు ఆయుష్షు తగ్గించుకోవడమే. ఇక జీఐ కాలికి రాగి పట్టీని నేరుగా బిగిస్తే, ఆ ఉప్పు తేమలో రాగి పక్కనున్న జింకు కరిగిపోతుంది. మధ్యలో రెండు లోహాలకూ సరిపడే కలుపు ముక్క వెయ్యాలి, లేదంటే కాలి దగ్గర జీఐ పట్టీయే వాడాలి.

కొలత ఎప్పుడు తీశారన్నది ముఖ్యం. వాన మర్నాడు తీసిన 0.8 ఓమ్ మే నెలకు 3 అవుతుంది. ఎండాకాలం చివర, వలయం నుంచి తీసిన కొలతే నిలిచేది. కొలిచే మీటరు తాలూకు కరెంటు గునపాన్ని వలయం వెడల్పుకు చాలా రెట్ల దూరంలో పాతి, వోల్టేజి గునపాన్ని ఆ దూరంలో 62 శాతం దగ్గర పెట్టాలి. స్థలం లేదని రెండింటినీ కంచె లోపలే గుచ్చితే మీటరు ఎంత తక్కువైనా చూపిస్తుంది.

నిరోధం తక్కువుంటే చాలదు, దారి కూడా సూటిగా ఉండాలి. పిడుగు కరెంటు 30 కిలో ఆంపియర్లు, అది 10 మైక్రోసెకన్లలో లేస్తుందనుకుంటే, మీటరు తీగ మీద 3000 వోల్టుల తేడా పుడుతుంది. తీగ మిగిలిందని చుట్ట చుట్టి వదిలేస్తే చుట్టకు ఇంకా ఎక్కువ. ఆ వోల్టేజి లోపలి కార్డుల మీద పడుతుంది, తరవాత ఎర్త్ మంచిదే కదా ఎందుకు కాలింది అని వెతుక్కుంటారు. మూలల్లో లంబంగా విరవకుండా వంపుగా తిప్పాలి. కేబుళ్లకు పైన యాంటెనా దగ్గర, టవరు దిగేచోట, షెల్టరులోకి దూరే ముందు, మూడుచోట్లా ఎర్త్ కిట్లు పెట్టాలి. షెల్టరు బెజ్జానికి ముందు కేబులు కిందికి జారి పైకి లేచేలా వంపు ఉంటే వాన నీళ్లు అక్కడే బొట్లుగా రాలిపోతాయి. ఆ బెజ్జాన్ని ఫోముతో మూయడం ఎలుకలకూ పాములకూ కూడా మందు. సర్కారు తుమ్మ కంచె లోపల మొలిచిన సైట్లలో ఈ జాగ్రత్త నవ్వులాట కాదు.

మేడ మీద టవరు

నెల్లూరు ట్రంకురోడ్డు లాంటి చోట్ల నేల దొరకదు కాబట్టి డాబాల మీద యాంటెనాలు మోసే పోల్స్ లేస్తాయి. మనుషులు తిరిగే డాబా స్లాబుకు డిజైనులో చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువే వేసుకుంటారు. 48 వోల్టుల, 600 ఆంపియర్ గంటల లెడ్ బ్యాటరీ వరస టన్ను దాకా తూగుతుంది. అది పట్టే చోటు అర చదరపు మీటరుకు కాస్త ఎక్కువ. స్లాబు నడుమ పెడితే అనుమతికి పదింతలు. ఈ బరువు పిల్లర్ల మీద నేరుగా కూర్చునే ఇనుప బీముల మీదే పడాలి. పోల్ కాళ్లూ పిల్లర్ తలల మీదే. పిల్లరు ఎక్కడుందో ప్లాస్టరు కింద కనబడదు కాబట్టి కింది అంతస్తులో కొలిచి పైన గుర్తు పెట్టాలి. స్లాబుకు బెజ్జం వేసి బోల్టు దించితే వాన నీళ్లు చువ్వల దాకా పోతాయి. లిథియం బ్యాటరీ తేలిక, జనరేటరును మాత్రం నేల మీదే ఉంచాలి.

ఇంటి యజమాని సంతకం పెట్టే ముందు అడగాల్సింది అద్దె ఒక్కటే కాదు. అర్హత ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరు తన ఇంటి పిల్లర్లు కొలిచి ఇచ్చిన సర్టిఫికెట్టు, ఏ పిల్లరు మీద ఎంత బరువు పడుతుందో చూపే డ్రాయింగు, తరవాత యాంటెనా పెంచితే కొత్త లెక్క ఇస్తామనే షరతు. పిల్లరు పగుళ్లిచ్చి చువ్వలు కనబడే ఇల్లయితే మరమ్మతు చేసి ఇస్తామన్నా వద్దనడమే నయం.

రేడియేషన్ లెక్క

2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు అమలులోకి వచ్చింది: 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 దగ్గర 0.9, 2000 దాటితే 1. 20 వాట్ల ట్రాన్స్‌మిటరు, 50 రెట్లు కేంద్రీకరించే యాంటెనా కలిస్తే దాని ముఖం ఎదుట 1000 వాట్లతో సమానం. 10 మీటర్ల దూరంలో ఇది 0.8 వాట్లు, 900 మెగాహెర్ట్జ్ పరిమితి దాటింది. 20 మీటర్లలో 0.2. 100 మీటర్లలో 0.008. దూరం రెండింతలైతే నాలుగో వంతవుతుంది. ఒకే దిశలో ఎక్కువ యాంటెనాలుంటే దూరం పెరగాలి. 2013 నాటి టెలికాం శాఖ సూచనల్లో అదే ఎత్తులో ఎదురుగా ఉన్న భవనానికి ఒక యాంటెనాకు 20 మీటర్లు, పన్నెండింటికి 75 ఉన్నది అందుకే.

ఇందులో జనం ఊహకు తిరగబడే సంగతి ఉంది. యాంటెనా తరంగాన్ని టార్చిలైటులా ముందుకు విసురుతుంది, కిందికి కాదు. 40 మీటర్ల ఎత్తున 4 డిగ్రీలు వంచిన యాంటెనా వెలుగు నడిమి గీత నేలను తాకేది దాదాపు 570 మీటర్ల అవతల. టవరు ఉన్న ఇంటి కింది వాటాలో తక్కువ. ఆలోచించవలసింది అదే ఎత్తులో ఎదురు డాబా ఉన్న ఇల్లు, నీళ్ల ట్యాంకు కడగడానికి పైకి వచ్చే మనిషి, వడియాలు ఎండబెట్టుకునే ఆవిడ. యాంటెనా ముఖం డాబా గోడ అంచు దాటి బయటికి చూడాలి, దాని ముందు మనిషి నిలబడే చోటు మిగలకూడదు, మెట్ల తలుపుకు తాళం, హెచ్చరిక బోర్డు ఉండాలి. అనుమానం ఉంటే టెలికాం శాఖ తరంగ్ సంచార్ పోర్టల్లో రుసుం కట్టి కొలత కోరవచ్చు.

ఎక్కడం, దిగడం

తాడుకు రెండు కొక్కేలు, ఒకటి విప్పేముందు ఇంకోటి తగలాలి, ఎక్కేటప్పుడూ పక్కకు జరిగేటప్పుడూ. నడుం బెల్టు పనికిరాదు. ఒళ్లంతా పట్టే హార్నెస్, పడేటప్పటి కుదుపును మింగే తాడు (లాన్‌యార్డు) కావాలి. పడి వేలాడే మనిషికి తొడల దగ్గర రక్తం ఆగి నిమిషాల్లో స్పృహ పోవచ్చు, కాబట్టి దించే తాడూ, దించడం తెలిసిన రెండో మనిషీ సైటులోనే ఉండాలి. నూట ఎనిమిదికి ఫోను చేసి చూస్తూ కూర్చునే పని కాదు. పనిచేసే యాంటెనా ముందుకు పోయే ముందు ఆ దిక్కు యాంటెనాలను (సెక్టారును) ఆపించి, మళ్లీ వెయ్యకుండా కింద తాళం పెట్టించాలి. సామాను ఎత్తే తాడు తడిస్తే కరెంటు పారుతుంది. 11 కేవీ లైను పక్కన సామాను ఊగకుండా కింద నుంచి పట్టుతాడు ఉండాలి, లైను మరీ దగ్గరైతే ముందు లైను ఆపించాలి. కింద షెల్టరులో 48 వోల్టులే కదా అని ఉంగరం, వాచీతో బ్యాటరీ ముట్టుకుంటే, రెండు కొసల మధ్య పడిన స్పానరు గుండా వేల ఆంపియర్లు పారి లోహం కరుగుతుంది. షాకు కొట్టదు, వేలు కాలిపోతుంది.

పెన్నా పక్క సైట్లలో 2021 నవంబరు వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద మరకలు కొన్నిచోట్ల ఇంకా ఉన్నాయి. క్యాబినెట్టు, జనరేటరు దిమ్మెలు ఆ మరకకు పైన ఉండాలి. తుపాను హెచ్చరిక రాగానే డీజిలు నింపి, వదులు కేబుళ్లు కట్టి, కంచె గేటు మూసి మనుషులు వచ్చెయ్యాలి.

తుపాను తరవాత వెంటనే ఎక్కకూడదు. దూరం నుంచి బైనాక్యులర్‌తో ప్యానెల్ ప్యానెల్‌గా చూసి, వంగిన బ్రేసింగులు రాసుకోవాలి. తరవాత గాలి వచ్చిన వైపు కాలి దగ్గరికి పోయి పెడెస్టల్ చుట్టూ నేలను చూడాలి. కాంక్రీటుకూ మట్టికీ మధ్య గుండ్రంగా వేలు పట్టే సందు కనబడి, దాంట్లో నీళ్లు నిలిచి ఉంటే ఆ కాలు లేచి మళ్లీ కూర్చుందని అర్థం. అలాంటి టవరు నిటారుగా కనబడినా, కోణాలు కొలిచే థియోడొలైటు పెట్టి రెండు దిక్కుల నుంచి చూసి, ఆ కాలి పునాదిని తవ్వి తేల్చుకునేదాకా ఎవరినీ పైకి పంపకూడదు.